రాధారాణి బండికి ఏ ఇంజన్?

హరిబాబు గారు నన్ను రాయమన్నది గోవిందరావు గారి గురించి. మా తెలుగు సంఘం ఏటా వేసే సంచికలో ఊరికి పేరు తెచ్చినవారి మీద ఒక వ్యాసం ఉంటుంది. సెక్రటరీ కాబట్టి ఎవరి గురించి రాయాలో, దానికి ఏ పేరు పెట్టాలో కూడా ఆయనే తేల్చేస్తారు. "కూతుర్ని రేసులో గెలిపించిన తండ్రి" అని ఒక చీటీ మీద రాసి నా చేతిలో పెట్టారు. ఆ రోజు సన్మాన సభలో జరిగిందంతా వేదిక మీద నిలబడి చూసిన మనిషి ఈ మాట ఎలా రాయగలిగారో నాకు అర్థం కాదు. గెలిపించాడట! ఆ పిల్ల గెలవకుండా ఉండటానికి ఏమేం చేయాలో అవన్నీ చేశాడు. నేను రాసేది కూతురి గురించి. అచ్చు వేస్తే వేయండి, లేకపోతే మానేయండి.

నా పేరు కళ్యాణి. ఖరగ్‌పూర్‌లో మలంచా మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో నాది కుట్టు దుకాణం. ఎదురిల్లు గోవిందరావు గారిది. ఇదివరకు ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో ఉన్నప్పుడు కూడా మావి ఎదురెదురు క్వార్టర్లే. రిటైరయ్యాక ఖాళీ చేసి అందరం ఇటు వచ్చి పడ్డాం. ఆయన కూతురు రాధారాణి పుట్టినప్పుడు మొదట చేతుల్లోకి తీసుకున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని. పిల్ల పదో తరగతిలో ఉండగా తల్లి పోయింది. అప్పట్నుంచి ఆ పిల్ల జాకెట్లకే కాదు, కష్టసుఖాలకు కూడా నా దుకాణమే.

చదువయ్యాక మలంచాలోనే ఒక బట్టల షాపులో బిల్లులు కొట్టింది. అది విసుగొచ్చి మందార్‌మణి వెళ్ళిపోయింది. అక్కడ సముద్రం ఒడ్డున టూరిస్టులు క్వాడ్ బండ్లు తోలుతారు. క్వాడ్ అంటే మోటార్‌సైకిల్ లాగే సీటు, హ్యాండిల్ ఉంటాయి, కాని చక్రాలు నాలుగు, ఒక్కోటీ ఇంత లావు. టిక్కెట్లు చింపే ఉద్యోగమని వెళ్ళింది. కలకత్తా బాబులు బండిని తడి ఇసకలో దింపేసి సెల్ఫీలు తీసుకుంటూ నిలబడితే, దాన్ని బయటికి తీసే పని ఈమె మీద పడింది. అలా తీసీ తీసీ నేర్చుకుంది. ఏ ఇసక పట్టుకుంటుందో, ఏది మింగుతుందో, ఏ ఇంజన్ ఎక్కడ లాగుతుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఆమెకు ఒంటితో తెలుసు. రెండేళ్ళ తర్వాత తిరిగొచ్చినప్పుడు మా సందులో ఆడవాళ్ళు రంగు మాడిపోయిందని దిగులుపడ్డారు. నేను మాత్రం ఆ భుజాలు చూసి కొలత టేపు తీసి జాకెట్టు చేతులు వదులు చేశాను.

మెయిన్ రోడ్డు మీద ఎరిక్ గ్యారేజీ ఉంది. ఎరిక్‌వాళ్ళు ఆంగ్లో-ఇండియన్లు, వాళ్ళ తాతగారు ఇక్కడే రైల్వే గార్డు. అతను ఒక రేసు క్వాడ్‌కి ఫ్రేము కట్టుకున్నాడు కాని, నడిపేవాళ్ళు లేరు. రాధారాణి ఒకసారి ఎక్కి ఊరి బయట మొరం నేల మీద చుట్టి వచ్చింది. ఎరిక్ ఇంకొకరి కోసం వెతకలేదు. జనవరిలో ఆ మొరం మైదానంలోనే ఏటా రేసు జరుగుతుంది. రాంచీ నుంచి ఒక టీము మేనేజరు వచ్చి చూస్తాడు. మొదటి రెండు స్థానాల్లో వచ్చినవాళ్ళను, నచ్చితే, జీతమిచ్చి టీములో పెట్టుకుంటాడు. ఇక ఏడాది పొడుగునా రేసులే.

"పిన్నీ, ఆ టీములో సీటు రాకపోతే నేను మళ్ళీ ఆ షాపులో కూకుని బిల్లులు కొట్టుకోవాల," అంది రాధారాణి నాతో. ఆమెకు కావలసింది అదొక్కటే. ఇందులో అర్థం కానిది ఏమైనా ఉందా? మా మగవాళ్ళకు మాత్రం అర్థం కాలేదు.

ఎరిక్ దగ్గర ఇంజన్లు రెండున్నాయి. ఒకటి టూ స్ట్రోక్, ఇంకోటి ఫోర్ స్ట్రోక్. ఫ్రేములో పట్టేది ఒక్కటే, ఏదో తేల్చుకుంటే దానికి తగ్గట్టు వెల్డింగు చేయాలి. ఇది నడిపేవాళ్ళూ, కట్టేవాళ్ళూ మాట్లాడుకుని తేల్చుకునే సంగతి. కాని మాది ఖరగ్‌పూర్. ఇక్కడ ఇంజన్ అనే మాట వినపడితే రిటైరైనవాళ్ళు కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చుంటారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గోవిందరావు గారూ, ఆయన బావమరిది అప్పలకొండ గారూ ఇద్దరూ డీజిల్ షెడ్డులో ఫిట్టర్లు. షెడ్డులో రెండు జాతుల లోకోలు, అంటే రైలు ఇంజన్లు, ఉండేవి. పాతవి ఆల్కోలు, వాటివి ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు. తర్వాత వచ్చినవి ఈఎండీలు, అవి టూ స్ట్రోక్. అప్పలకొండ గారు ఆల్కో మనిషి. గోవిందరావు గారు ఈఎండీ మనిషి. మిగతా ఊళ్ళలో మనుషులు కులాలకీ పార్టీలకీ కొట్టుకుంటే వీళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి దీనికి కొట్టుకున్నారు. పెళ్ళిభోజనాల్లో కూడా పక్కపక్కన కూర్చునేవాళ్ళు కారు. ఇప్పుడు ఆ వేల గుర్రాల ఇంజన్ల తగువు తెచ్చి, ఆడపిల్ల కాళ్ళ మధ్య పట్టే ఇంజన్ మీద పెట్టారు.

గోవిందరావు గారి అరుగు మీద ముడీ అనే మరమరాలూ, చనాచూర్ మిక్స్చరూ పోసుకుని సాయంత్రాలు పంచాయితీ.

"టూ స్ట్రోకంటే ఏటనుకున్నావు? తిరిగిన ప్రతిసారీ పేల్తాది. నీ ఫోర్ స్ట్రోకు ఒకసారి పేలి ఒకసారి కునుకు తీస్తాది," అని గోవిందరావు గారు.

"కునుకు తీసినా గమ్యం సేరుస్తాది బావా. మీవి సేరినాయేటి?" అని అప్పలకొండ గారు.

రాధారాణి టీ గ్లాసులు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. ఒక్కరంటే ఒక్కరు "నీకేది కావాలమ్మా" అని అడగలేదు. ఎదురుగా కుట్టు మిషను మీద ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది. చివరికి ఆమే చెప్పింది.

"నాన్నా, ఆ మైదానమంతా మలుపులే. మొరం జారిపోతాది. ఫోర్ స్ట్రోకైతే యాక్సిలరేటరు ఒదిలీగానే బండి దానంతటదే బిగపట్టుకుంటాది. మలుపులోంచి నెమ్మదిగా ఉన్నా లాగుతాది. టూ స్ట్రోకు అలా ఆగదు, క్లచ్చి నొక్కుతూనే ఉండాల. సగం రేసుకే నా సెయ్యి పడిపోతాది. నాకు ఫోర్ స్ట్రోకే కావాల."

అంత చక్కగా చెప్పింది. వీళ్ళు విన్నదేమిటో తెలుసా?

"అద్దీ! ఆల్కో రక్తం! నా అక్క కూతురు!" అని అప్పలకొండ గారు తొడ చరిచారు.

గోవిందరావు గారి ముఖం నల్లబడింది. "ఓహో. మేనమామ నూరిపోసినాడేటి?" అన్నారు.

"మామ నూరిపోయడమేటి నాన్నా? నడిపేది నేను కాదేటి?"

"నా ఇంట్లో నా తిండి తిని ఆడి పార్టీలో సేరినావు," అని లేచి లోపలికి వెళ్ళిపోయారు.

చూశారా? ఆ పిల్లకు సొంత బుర్ర ఉండొచ్చనే ఊహే వాళ్ళకు లేదు. ఫోర్ స్ట్రోక్ అంటే మామ మనిషి, టూ స్ట్రోక్ అంటే నాన్న మనిషి. రాధారాణి మనిషి అనేది ఎక్కడా లేదు. ఆ రాత్రి నుంచి గోవిందరావు గారు అన్నం మానేశారు. షుగరున్న మనిషి. మూడో రోజు ఆమె గ్యారేజీకి వెళ్ళి, "టూ స్ట్రోకే పెట్టీ ఎరిక్," అని చెప్పి వచ్చింది. ఎరిక్ వద్దన్నాడు. "నాన్న తినటం నేదు," అంది. ఎరిక్ వెల్డింగు మిషను బయటికి తీశాడు. పెట్టాడు.

సరే, పెట్టిందేదో పెట్టింది. దాన్నే అలవాటు చేసుకుంటానని పొద్దున్నే మైదానానికి వెళ్ళేది. నేను ఆమె కోటు భుజాలకూ మోచేతులకూ మందపాటి మెత్తలు పెట్టి కుట్టాను. అది ఎలా సరిపోయిందో చూద్దామని ఒక ఆదివారం దుకాణం మూసి వాళ్ళతో వెళ్ళాను. అందుకే ఆ రోజు జరిగింది ఎవరో చెబితే విన్నది కాదు, నా కళ్ళతో చూసింది.

ఎరిక్ టైర్లలో గాలి చూస్తున్నాడు. రాధారాణి బూట్లు కట్టుకుంటోంది. గోవిందరావు గారు అన్నం తినడం మొదలుపెట్టాక మహా హుషారుగా ఉన్నారు. దారిలో బంకు దగ్గర సొంతంగా డబ్బాలో పెట్రోలు పట్టించుకుని తెచ్చారు. ట్యాంకు మూత తీసి, చుక్క కింద పడకుండా నింపి, మూత బిగించి, గుడ్డతో తుడిచి, జేబులోంచి సుద్దముక్క తీసి ట్యాంకు మీద "జి.ఆర్." అని రాసి కింద తేదీ వేశారు. అది వాళ్ళ షెడ్డు గ్యాంగు పద్ధతి. ఆయిలు గాని నీళ్ళు గాని ఎవరు నింపితే వాళ్ళు సుద్దతో పేరు రాయాలి. రేపు తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ఆ అలవాటు ఆయనకు ఇంట్లో కూడా పోలేదు. గ్యాసు సిలిండరు మీద, మంచినీళ్ళ ఫిల్టరు మీద, ఆఖరికి ఆవకాయ జాడీ మీద కూడా జి.ఆర్. ఉంటుంది.

బండి బయలుదేరింది. నాకు ఇంజన్ల గురించి ఏమీ తెలియదు కాని, గ్యారేజీ ముందు ఎప్పుడూ దాని వెనక నీలంగా లేచే పొగ ఆ రోజు కనపడలేదు. రాధారాణి కూడా గమనించినట్టుంది. రెండో మలుపు దగ్గర చెయ్యి ఎత్తి, వెనక్కి వచ్చేస్తున్నానని సైగ చేసింది. అంతలో ఇంజన్ కీచుమని బిగిసిపోయింది. వెనక చక్రాలు నిలబడిపోయాయి. పిల్ల హ్యాండిల్ మీంచి ఎగిరి మొరంలో పడింది. నేను చెప్పులు వదిలేసి పరుగెత్తాను. నేను పెట్టిన మెత్తలు పనికొచ్చాయి, ఎముక విరగలేదు. భుజం మాత్రం పూరీలా పొంగిపోయింది.

ఎరిక్ అక్కడే ఇంజన్ విప్పాడు. పిస్టన్ లోపల అంటుకుపోయి ఉంది.

"అంకుల్, పెట్రోల్లో ఆయిల్ వెయ్యలేదా?" అని అడిగాడు.

"పెట్రోల్లో ఆయిలెందుకు? ఆయిలు సంపులో ఉంటాది. టూ స్ట్రోకు గురించి నాకు సెప్తావేటి?" అన్నారు గోవిందరావు గారు.

"అంకుల్, ఇందులో సంపే లేదు."

విషయం ఇదీ. రైలు ఇంజన్‌లో టూ స్ట్రోకైనా సరే, ఆయిలుకు కింద పెద్ద తొట్టి వేరే ఉంటుంది. ఈ చిన్న ఇంజన్‌కి ఆ తొట్టి లేదు. పెట్రోల్లో కలిపి పోస్తేనే లోపలికి ఆయిలు వెళుతుంది. ఎరిక్ కలిపి ఉంచిన డబ్బా పక్కనే ఉంది. గోవిందరావు గారు జన్మలో స్కూటరు గాని, మోటార్‌సైకిలు గాని నడిపినవారు కాదు. డ్యూటీకి సైకిలే. ఆయనకు తెలిసిన టూ స్ట్రోక్ ఒక్కటే, అది పట్టాల మీద నడుస్తుంది.

పొరపాటు ఎవరైనా చేస్తారు. నేను కూడా ఖరీదైన గుడ్డ తప్పు కత్తిరించినదాన్నే. నా కోపం దాని మీద కాదు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఆయన ఏం చెప్పారో దాని మీద.

"మా గుంట యాక్సిలరేటరు నొక్కి రేజు ఎక్కువిచ్చేసి ఇంజన్ కాల్చేసినాది. ఆడపిల్లలకి సెయ్యి ఆగదు కదా."

అదీ మాట! కూతురు భుజానికి కట్టు కట్టుకుని ఇంట్లో పడుకుని ఉంటే, తండ్రి బయట చెప్పిన మాట! అప్పలకొండ గారైనా కాదన్నారా? లేదు. "టూ స్ట్రోకంటే అంతే మరి," అని సంబరపడ్డారు. ఒకాయన పిల్ల మీదకి తోశారు, ఒకాయన ఇంజన్ మీదకి తోశారు. సుద్దరాత మాత్రం ట్యాంకు మీద అలాగే ఉంది.

"నువ్వెందుకు చెప్పవే?" అని నేను రాధారాణి మీద విరుచుకుపడ్డాను.

"సెప్పినాను పిన్నీ. నవ్వినారు. ఎరిక్ సెప్పినా, గ్యారేజీ పేరు పోకుండా సెప్తున్నాడన్నారు. గోవిందరావు అంతటోడికి టూ స్ట్రోకు తెలీదేటి అంటన్నారు."

"ఆ ట్యాంకు ఫోటో తీసి అందరికీ చూపించు."

తల అడ్డంగా ఊపింది. "ఒద్దు. రాసినోలే సెప్పాల. ఆయన నేర్పిన రూలే అది."

అంత మర్యాద దేనికని నేను మళ్ళీ తిట్టాను. ఇప్పటికీ తిడతాను.

ఎరిక్ మళ్ళీ వెల్డింగు చేసి ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఎక్కించాడు. ఈసారి ఎవరి అన్నాన్నీ ఎవరూ లెక్కచేయలేదు. జనవరి రేసులో ఆమె భుజానికి పట్టీ వేసుకుని బండెక్కింది. మొదట్లో నలుగురి వెనక ఉంది. తిన్నగా ఉన్న దారిలో మిగతావాళ్ళు ముందుకు పోయేవాళ్ళు, మలుపు రాగానే జారి పక్కకు పోయేవాళ్ళు. ఆమె బండి మాత్రం చెప్పినట్టే బిగపట్టుకుని, చెప్పినట్టే లాగింది. రెండో స్థానంలో వచ్చింది. అరిచి అరిచి నా గొంతు రెండు రోజులు పలకలేదు.

రాంచీ మేనేజరు వచ్చి చెయ్యి కలిపాడు. కాని అతను హిందీలో అన్న మాట విని నా సంతోషమంతా దిగిపోయింది. "నడపడం బాగుంది అమ్మాయ్. కాని ఇంజన్లు కాలుస్తావని ఇక్కడ అందరూ చెబుతున్నారు. ఆలోచించుకుని చెబుతాను."

అందరూ అంటే ఎవరు? ఎవరి నోటి నుంచి మొదలైందా మాట? గోవిందరావు గారు ఆ పక్కనే నిలబడి ఉన్నారు. విన్నారు. విని చేతి రుమాలుతో కళ్ళజోడు తుడుచుకున్నారు.

తర్వాతి ఆదివారం మా సంఘం హాల్లో సన్మానం. ఎవరికనుకున్నారు? తండ్రికి! వేదిక మీద గోవిందరావు గారు, మేనమామ హోదాలో అప్పలకొండ గారు, ముఖ్య అతిథిగా రాంచీ మేనేజరు. పందెంలో బండి నడిపిన పిల్ల నా పక్కన మూడో వరసలో కూర్చుంది. హరిబాబు గారు మైకు పట్టుకుని, తల్లి లేని పిల్లను తీర్చిదిద్దిన తండ్రి అని, షెడ్డు విద్యను రేసుబాట పట్టించిన కార్మికుడు అని, ఇంకా ఏమేమో చదివారు. శాలువా కప్పారు. చప్పట్లు. నేను చేతులు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చున్నాను.

అప్పుడు మేనేజరును రెండు మాటలు చెప్పమన్నారు. ఆయన లేచి గోవిందరావు గారి వైపు తిరిగి, "దాదా, మీరు ఇంజన్ మనిషి అంటున్నారు. మీకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ ఇంజన్ ఎలా కాలింది? మీ మాట మీదే నేను తేల్చుకుంటాను," అన్నాడు.

గోవిందరావు గారు లేచి నిలబడ్డారు. శాలువా అంచు సర్దుకున్నారు. ఇంకో క్షణం ఆగితే "రేజు ఎక్కువిచ్చినాది" అనే మాటే వచ్చేదని నాకిప్పటికీ నమ్మకం. నేను లేవబోయాను. రాధారాణి నా చెయ్యి పట్టి కూర్చోబెట్టి, తనే లేచింది.

"నాన్నా, ట్యాంకు మీద సుద్దరాత ఎవరిది?"

అంతే అడిగింది. గొంతు కూడా పెంచలేదు. ఆ హాల్లో సగం మంది షెడ్డువాళ్ళు, వర్క్‌షాపువాళ్ళు. ఆ ప్రశ్నకు అర్థం ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. వెనక వరసల్లో కుర్చీలు కదిలాయి.

"నాదే," అన్నారు గోవిందరావు గారు. తర్వాత మైకు అక్కర్లేనంత గట్టిగా చెప్పారు. "పెట్రోలు నేనే పోసినాను. అందులో ఆయిలు కలపాలని నాకు తెల్దు. ఎవుర్నీ అడగనేదు. ఇంజన్ కాల్చింది నేను. గుంట తప్పేటీ నేదు."

అదే మాట మేనేజరుకి హిందీలో కూడా చెప్పి, శాలువా తీసి మడిచి బల్ల మీద పెట్టారు. మన హరిబాబు గారు ఊరుకుంటారా? గబగబా దాన్ని తీసుకుని మెట్లు దిగి, రాధారాణికి కప్పబోయారు. ఒకరికి కప్పిన శాలువా, ఆ వెచ్చదనం ఆరకముందే!

"నాకొద్దండి," అంది ఆమె ఒక అడుగు వెనక్కి వేసి. మేనేజరు వైపు తిరిగి హిందీలో అడిగింది. "నాకు సీటుందా, లేదా, చెప్పండి."

"ఉంది," అన్నాడాయన. "వచ్చే రేసు సముద్రపు ఇసక మీద. ఏ ఇంజన్ కావాలి నీకు?"

ఎవరో ఒకరు ఆమెను ఆ మాట అడిగారు, చివరికి. రాంచీ నుంచి రావలసి వచ్చింది అడగడానికి.

"ఇంకేటి, ఫోర్ స్ట్రోకే!" అన్నారు అప్పలకొండ గారు వేదిక మీంచి.

"టూ స్ట్రోక్," అంది రాధారాణి. "అక్కడ మలుపులుండవు. పొడుగాటి ఇసక. బండి తేలిగ్గా ఉండాల, ఇంజన్ రేజు తగ్గకుండా అరుస్తూనే ఉండాల. అక్కడ అదే బాగుంటాది."

అప్పలకొండ గారు మేనకోడలు మాట తప్పినట్టు ముఖం పెట్టారు. నేను గోవిందరావు గారి వైపు చూశాను. ఇప్పుడాయన తొడ చరుస్తారు, ఈఎండీ రక్తం అంటారు, నేను లేచి వెళ్ళిపోతాను అనుకున్నాను. ఆయన తొడ చరచలేదు. మెట్లు దిగి మూడో వరస దాకా వచ్చి, అందరూ వింటుండగానే అడిగారు.

"అమ్మా, ఆయిలు ఎంత కలపాల?"

"ఇంటికెళ్ళినాక సూపిస్తాను నాన్నా," అంది రాధారాణి. "మీరు నిలబడి సూడండి. కలిపేది నేనే, సుద్ద రాసేది నేనే."